ఉట్టి తెలిసిన పిల్లలకి పిన్యాతా కొత్తేం కాదు
మీ ప్రశ్నలు – మా జవాబులు

సెప్టెంబరు వచ్చిందంటే బెంగళూరు నుంచి ఒకే రకం ఉత్తరాలు మొదలవుతాయి. బడిలో ‘హిస్పానిక్ మాసం’ అన్నారు, చార్టు చెయ్యమన్నారు, వేషం వెయ్యమన్నారు, ఏం చెయ్యాలో తెలియడం లేదు అని. ఈసారి వాటికే పేజీ మొత్తం.

ప్రశ్న: మా అమ్మాయి వైట్‌ఫీల్డ్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో మూడో తరగతి. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసమట. స్పెయిన్ జెండా, మెక్సికో జెండా, ఫుట్‌బాల్ కాబట్టి బ్రెజిల్ జెండా వేసి చార్టు చేశాం. టీచరు బ్రెజిల్ కొట్టేశారు. ఎందుకు? అసలు 15వ తేదీన మొదలవడమేమిటి?

జవాబు: టీచరు కొట్టేసింది సరైనదే. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషతో ముడిపడిన మాట. బ్రెజిల్‌లో మాట్లాడేది పోర్చుగీసు. లాటినో అనే మాట వేరు, అది లాటిన్ అమెరికా అనే ప్రాంతాన్ని బట్టి వచ్చింది. అందుకని బ్రెజిల్ మనిషి లాటినో అవుతాడు, హిస్పానిక్ కాడు. స్పెయిన్ మనిషి హిస్పానిక్ అవుతాడు, లాటినో కాడు. మూడో తరగతి పిల్లకి ఇది నోటితో చెబితే అయోమయం. నేల మీద సుద్దముక్కతో రెండు పెద్ద వలయాలు, ఒకటి హిస్పానిక్, ఒకటి లాటినో, ఒకదాని మీదికి ఒకటి వచ్చేట్టు గీసి, దేశాల పేర్ల చీటీలు పెట్టించండి. మెక్సికో, పెరూ రెండు వలయాలూ కలిసిన చోట, బ్రెజిల్ ఒక పక్కన, స్పెయిన్ ఇంకో పక్కన. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

స్పానిష్ ప్రధాన భాషగా ఉన్న దేశాలు 20. అమెరికా ఖండాల్లో 18, యూరప్‌లో స్పెయిన్, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ. ఆఫ్రికా చీటీ చేతికిచ్చి ‘ఇదెక్కడ?’ అని అడగండి, పెద్దవాళ్లు కూడా తడబడతారు. పోర్టోరికోలోనూ స్పానిషే గానీ అది అమెరికా సంయుక్త రాష్ట్రాల కింద ఉన్న భూభాగం, విడి దేశం కాదు.

ఇక తేదీ. 1821 సెప్టెంబరు 15న గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగ్వా, కోస్టారికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. మెక్సికోకి 16, చిలీకి 18. పండగలన్నీ ఒక చోట పడ్డాయి కాబట్టి నెల మధ్యలో మొదలు. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాలు తమ దేశంలో ఉన్న హిస్పానిక్ కుటుంబాల కోసం పెట్టుకున్నది. 1968లో వారంగా మొదలై 1988లో నెల అయింది. కాబట్టి ‘మెక్సికోవాళ్లు ఈ నెలంతా హిస్పానిక్ మాసం చేసుకుంటారు’ అని చార్టు మీద రాయకండి. వాళ్లు చేసుకునేది వాళ్ల స్వాతంత్ర్య దినం.

ప్రశ్న: మారతహళ్ళిలో రెండు నుంచి నాలుగు తరగతులకి చెబుతాను. సెక్షన్‌కి 35 మంది, 40 నిమిషాల పీరియడ్లు నాలుగు ఇచ్చారు. కిందటేడు వెడల్పాటి టోపీలు, అంటించుకునే మీసాలు, ఒక డాన్సు, అంతే. ఈసారి పిల్లలకి ఏదైనా మిగలాలి. ఎక్కువమంది తెలుగు, కన్నడ ఇళ్ల పిల్లలు.

జవాబు: మీసాలు వద్దు. పంచె కట్టి, తలపాగా చుట్టి, చేతిలో పాము బుట్ట పెట్టి ‘ఇదే ఇండియా’ అంటే మనకెలా ఉంటుందో అలాగే ఉంటుంది. 20 దేశాల్ని ఒక టోపీ కింద దాచినట్టవుతుంది. ఒక్క పీరియడ్‌కి ఒక్క వస్తువు పెట్టుకోండి, అదీ పిల్లలు ఇంట్లో చేత్తో ముట్టుకునేదే.

మొదటి పీరియడ్ పేర్లు. స్పానిష్ పద్ధతిలో ముందు సొంత పేరు, తర్వాత నాన్న ఇంటిపేరు, ఆ తర్వాత అమ్మ ఇంటిపేరు. టెన్నిస్ రఫాయెల్ నదాల్ పూర్తి పేరు రఫాయెల్ నదాల్ పరేరా. నదాల్ నాన్న వైపుది, పరేరా అమ్మ వైపుది. రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌లో గార్సియా నాన్నది, మార్కెస్ అమ్మది. మార్కెస్ ఒక్కటే అసలు ఇంటిపేరనుకోవడం మన దగ్గర చాలామంది చేసే పొరపాటు. స్పెయిన్‌లో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. తెలుగు పిల్లలకి ఇంటిపేరు ముందుండటం అలవాటు కాబట్టి ఈ తిరగేత వాళ్లకి ఆటలాగే ఉంటుంది. కొండవీటి సహస్ర అమ్మ పుట్టింటివాళ్లు పసుపులేటివాళ్లయితే, ఆ పిల్ల ఆ రోజుకి సహస్ర కొండవీటి పసుపులేటి. చీటీ ముందు రోజే ఇంటికి పంపండి, అమ్మ పుట్టింటి పేరు చాలామంది పిల్లలకి తెలియదు. కన్నడ, తమిళ ఇళ్లలో ఇనిషియల్ తప్ప ఇంటిపేరే ఉండకపోవచ్చు, వాళ్లని ఊరి పేరు రాయనివ్వండి. ఒక్కరే పెంచుతున్న ఇళ్ల పిల్లలుంటే ‘ఇంట్లోవాళ్లు చెప్పిన రెండు పేర్లు’ అని చీటీలో రాయండి, నాన్న, అమ్మ అని గడులు గీయకండి.

రెండో పీరియడ్ టమాటా పచ్చడి. బల్ల మీద రెండు పళ్లేలు పెట్టండి. టమాటా, ఎండుమిరపకాయ, పల్లీ ఒక పళ్లెంలోకి. ఇవి మూడూ అమెరికా ఖండాల పంటలు, 1498లో పోర్చుగీసు ఓడలు కేరళ తీరానికి చేరాక ఒకటొకటిగా మనకొచ్చినవి. చింతపండు, ఆవాలు, మెంతులు, ఇంగువ, వెల్లుల్లి రెండో పళ్లెంలోకి. అంతకుముందు కారానికి మిరియాలూ పిప్పళ్లూ లాంటివే దిక్కు, మిరప అనే పేరులో ఇప్పటికీ మిరియం వినపడుతుంది. గుంటూరు పిల్లలెవరైనా ఉంటే ఒప్పుకోరు, ఒప్పుకోనివ్వకండి, వాదించనివ్వండి. ఆ తర్వాత ఎదురు దారి చూపించండి: చింతపండు మెక్సికో చేరి, అక్కడ కారం, ఉప్పు, పంచదార పూసిన మిఠాయి అయింది.

అదే పీరియడ్‌లో గ్వాకమోలె అనే మెక్సికో అవకాడో పచ్చడి చేయించవచ్చు. అవకాడో అంటే పిల్లలు వెతుక్కుంటారేమోగానీ బెంగళూరులో బటర్ ఫ్రూట్ అంటే జ్యూసు కొట్టువాడిక్కూడా తెలుసు. 35 మందికి చెంచాడు చొప్పున పావుకిలో కాయలు ఐదు, చిన్న ఉల్లిపాయలు రెండు, గింజ తీసిన టమాటాలు రెండు, నిమ్మకాయలు మూడు, గుప్పెడు కొత్తిమీర, ఉప్పు. మిరపకాయ వేరే గిన్నెలో. కాయ గట్టిగా ఉంటే రెండు మూడు రోజులు బియ్యం డబ్బాలో పెట్టండి, తొడిమ దగ్గర నొక్కితే కాస్త లొంగాలి. మిక్సీ వద్దు, పలుకు పోయి జావ అవుతుంది. మెక్సికోలో దీన్ని నూరేది మోల్కహేతె అనే మూడు కాళ్ల రాతి రోట్లో, మన చిన్న రోలు తెచ్చినా చాలు. గుజ్జు నల్లబడటానికి కారణం కోసిన చోట గాలి తగలడమే. గింజ అందులోనే ఉంచితే నల్లబడదంటారు, అది గింజ కప్పిన మేరకే నిజం. నిమ్మరసం ముందే కలిపి, ప్లాస్టిక్ కాగితాన్ని గుజ్జుకి ఆనేట్టు నొక్కి కప్పండి. ఇందులో ఉల్లి, నిమ్మ, కొత్తిమీర ఆ దేశాలకి స్పెయిన్‌వాళ్లు పట్టుకెళ్లినవి. అంటే ఆ గిన్నె కూడా రెండు పళ్లేల్లోకి విడిపోతుంది.

మూడు, నాలుగు పీరియడ్లకి కింద చెప్పిన ముడుల తాడు గానీ, పిన్యాతా (మిఠాయిలు నింపి వేలాడదీసి, కర్రతో పగలగొట్టే కాగితపు బొమ్మ) గానీ తీసుకోండి. రెండూ మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: పోయినేడు పిన్యాతా చేశాం. బెలూన్ మీద కాగితాలు అంటించాక సొట్టలు పడింది, నాలుగో రోజుకి వాసన. మిగిలిన ఒకటి ఎంత కొట్టినా పగల్లేదు. ఐదో తరగతి వాడు బలంగా ఊపితే కర్ర పక్కవాడికి తగిలింది. (హెచ్.ఎస్.ఆర్. లేఔట్ నుంచి)

జవాబు: ముందు పిల్లలకి ఒక మాట చెప్పండి: ఇది కృష్ణాష్టమి ఉట్టికి దూరపు చుట్టం లాంటిది. తాడు లాగి పైకీ కిందకీ ఊపడం రెండింట్లోనూ ఉంది. ఉట్టిలో ముఖాన నీళ్లు కొడతారు, పిన్యాతాలో కళ్లకి గంతలు కడతారు. మెక్సికోలో పాత పద్ధతి పిన్యాతా లోపల మట్టికుండే ఉండేది, మీద రంగు కాగితాలు అంటించి ఏడు కొమ్ముల నక్షత్రంలా చేసేవారు. ఆ ఏడూ క్రైస్తవం చెప్పే ఏడు పాపాలకి గుర్తు. డిసెంబరు 16 నుంచి 24 దాకా జరిగే పోసాదాస్ అనే వేడుకలో పగలగొడతారు. పుట్టినరోజులకి కార్టూన్ బొమ్మల ఆకారంలో చేసేవి తర్వాత వచ్చినవి.

మీ సొట్టల సంగతి. ఎండలో పెట్టి ఉంటారు. ఎండకి బెలూన్‌లో గాలి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి కుంచించుకుపోతుంది. తడి కాగితం దాన్ని అంటిపెట్టుకుని తనూ లోపలికి పోతుంది. నీడలో, ఫ్యాను కింద తాడుకి వేలాడదీసి ఆరబెట్టండి. వాసనకి కారణం తడి పొర మీద ఇంకో తడి పొర. సెప్టెంబరు ముసురులో ఒక్కో పొరకి ఒకటిన్నర రోజు పడుతుంది. వేలి వెనక భాగంతో తాకితే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

జిగురు ఉడికించింది వాడండి. గ్లాసు మైదా గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు గ్లాసుల నీళ్లలో పోసి, మూడు నిమిషాలు కలుపుతూ ఉడికిస్తే పల్చటి జావ వస్తుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం వెయ్యడం గోడలకి పోస్టర్లు అంటించేవాళ్ల అలవాటు, పిల్లల చేతులు పడే గిన్నెలో అది విషం. వార్తాపత్రికని మూడు సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను పొడవు ముక్కలుగా చించండి. కత్తిరించిన అంచు లేచి నిలబడుతుంది, చించిన అంచు కలిసిపోతుంది. జిగురులో ముంచిన ముక్కని రెండు వేళ్ల మధ్య నుంచి లాగి, ఎక్కువైంది కిందకి కారనివ్వండి. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా. పైన మూడు వేళ్లు పట్టేంత కన్నం వదలండి.

పగలకపోవడానికి కారణం పొరలు ఎక్కువవడమే. మూడో తరగతి దాకా రెండు పొరలు, నాలుగు ఐదు వాళ్లకి మూడు. అంతకంటే గట్టిదైతే పిల్లలు కసిగా ఊపడం మొదలుపెడతారు, దెబ్బ తగిలేది అక్కడే. కన్నానికి ఐదు సెంటీమీటర్ల కింద ఎదురెదురుగా రెండు చిల్లులు పెట్టి, లోపల అట్టముక్కలు అంటించి తాడు కట్టండి, లేకపోతే మొదటి దెబ్బకే తాడు కాగితాన్ని కోసుకుని వచ్చేస్తుంది. రంగు కాగితపు కుచ్చుల వరసలు తాటాకు ఇల్లు కప్పినట్టు కిందినుంచి పైకి అంటించాలి, పైవరస కుచ్చు కిందివరస అంటుని కప్పుతుంది. చాలామంది పైనుంచి మొదలెట్టి, మైదా మరకలన్నీ కనపడేట్టు చేస్తారు.

లోపల మనిషికి నాలుగు చొప్పున, మొత్తం బరువు కిలో దాటకుండా. కాగితం చుట్టిన నువ్వుల చిక్కీ, రబ్బర్లు, స్టిక్కర్లు. పల్లీ చిక్కీ అయితే ఎవరికైనా పడదేమో ముందే కనుక్కోండి. పెన్సిళ్లు, గోళీలు వద్దు. నేల మీద రెండు మీటర్ల దూరంలో సుద్ద వలయం గీసి, కొట్టేవాడు తప్ప ఎవరూ లోపలికి రాకూడదన్న నియమం పెట్టండి. కర్ర బదులు గట్టిగా చుట్టి టేపు వేసిన వార్తాపత్రిక, 60 సెంటీమీటర్లు. మనిషికి మూడు దెబ్బలు, అందరికంటే చిన్నవాళ్లతో మొదలు. పగిలాక అసలు ప్రమాదం: కొట్టేవాడింకా ఊపుతుండగానే మిగతావాళ్లు దూకుతారు. కర్ర టీచరు చేతికి వచ్చాకే ఈల వెయ్యాలి.

ప్రశ్న: మక్కజొన్న పిండితో తోర్తియా అనే మెక్సికో రొట్టె చేస్తే చేతిలోనే విరిగిపోతోంది. మైదా కలపకుండా కుదరదా?

జవాబు: ముందు డబ్బా చూడండి. కార్న్ ఫ్లోర్ అని అమ్మే తెల్లటిది సూపుల్లో వేసే గంజిపిండి, దానితో రొట్టె రాదు. పసుపు రంగు మక్కజొన్న పిండి ఉడికించని గింజని మరపట్టినది. మెక్సికో పద్ధతిలో గింజని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, పొట్టు రాలాక మెటాటె అనే రాతి మీద రుబ్బుతారు. మన సన్నికల్లూ పొత్రమూ చూసిన పిల్లలకి మెటాటె బొమ్మ చూపిస్తే పేరు చెప్పక్కర్లేదు. సున్నం గింజ గోడల్లోని పదార్థాన్ని కరిగిస్తుంది, అందుకే ఆ పిండి సాగుతుంది. గింజలో బిగుసుకుపోయిన నియాసిన్ విటమిన్ కూడా అప్పుడే ఒంటికి అందుతుంది. మొక్కజొన్న పట్టుకెళ్లి ఈ పద్ధతి వదిలేసిన యూరప్ ప్రాంతాల్లో, అదే ప్రధాన తిండి అయిన బీదవాళ్లకి పెలాగ్రా జబ్బు వచ్చింది.

తాంబూలం సున్నం పిండిలో కలిపేస్తే సరిపోతుందా అంటే సరిపోదు, నోరు పొక్కుతుంది. మీకొచ్చిన జొన్నరొట్టె పద్ధతే దారి: గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు సలసల మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు, మూతపెట్టి పది నిమిషాలు, తర్వాత వేడి మీదే అరచేతి మడమతో మర్దన. రెండు చెంచాల గోధుమపిండి కలిపితే పిల్లల చేతికి లొంగుతుంది. అరచేయంత వెడల్పు చాలు. అది తోర్తియా కాదు, తోర్తియాకి దగ్గర చుట్టం అని చెప్పి పెట్టండి. స్పెయిన్‌లో తోర్తియా అని అడిగితే ఆలుగడ్డ ఆమ్లెట్టు తెస్తారు, అదొక తమాషా.

ప్రశ్న: పుర్రెల బొమ్మలు వెయ్యమన్నారు. దసరా రోజుల్లో ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం, మా అత్తయ్యగారు పుర్రె గడప దాటడానికి వీల్లేదంటున్నారు. పైగా టీచరు ‘మీ కొలువులాంటిదే’ అన్నారట.

జవాబు: మీ అత్తయ్యగారి మాట వినండి, బొమ్మ బడిలోనే వెయ్యొచ్చు. ఆ పుర్రెలు మెక్సికోలో పోయినవాళ్లని తలుచుకునే మృతుల దినానివి. అది నవంబరు 1, 2 తేదీల్లో వస్తుంది, హిస్పానిక్ మాసం అప్పటికే అయిపోతుంది. దసరాతో దాన్ని ముడిపెట్టాల్సిన పనే లేదు.

కొలువులాంటిదన్నది మెట్ల వరకే నిజం. ఒఫ్రెందా అనే ఆ పీఠం మీద కూడా మెట్లు, వాటి మీద వరసగా వస్తువులు ఉంటాయి. కానీ కొలువులో ఉండేది దేవుళ్లూ, పెళ్లి బొమ్మలూ, కోమటి కొట్టూ. ఒఫ్రెందాలో పోయినవాళ్ల ఫోటోలు, వాళ్లకిష్టమైన తిండి, గ్లాసుడు నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు. అర్థంలో అది మహాలయ పక్షానికి దగ్గర, ముఖంలో మాత్రం ఏడుపుండదు, పుర్రె కూడా నవ్వుతూనే ఉంటుంది. హాలోవీన్ భయపెట్టడానికి, ఇది పిలవడానికి. పిల్లలకి ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు.

ఇంట్లో చెయ్యాలనుకుంటే పుర్రె బదులు బంతిపూలు తీసుకోండి. పెద్ద బంతి మొక్క పుట్టిల్లు మెక్సికోయే. అక్కడి నావాత్ల్ భాషలో దాని పేరుకి ‘ఇరవై పువ్వు’ అని అర్థం, వాళ్ల లెక్క ఇరవైలలో నడిచేది, రెక్కలు లెక్కకు మిక్కిలి అని. ఆ పేరే స్పానిష్‌లో సెంపాసూచిల్ అయింది. పోయినవాళ్లు దారి తప్పకుండా ఆ రెక్కలతో వాకిలి నుంచి పీఠం దాకా బాట పరుస్తారు. మనం దసరాకి గుమ్మానికి కట్టేదీ, బతుకమ్మలో పేర్చేదీ ఆ పువ్వే. కె.ఆర్. మార్కెట్‌లో ఆయుధ పూజ ముందు ధర కొండెక్కుతుంది, బడి కోసమైతే పండగ దాటాక కొనండి.

బడిలో ఫోటోలు తెమ్మనే ముందు టీచరు ప్రతి ఇంటికీ చీటీ పంపాలి. ఈ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయిన పిల్ల ఉంటే ఆ ఇంటివాళ్లని అడిగే నిర్ణయించాలి.

ప్రశ్న: స్పానిష్ మాటలు పిల్లలు ఇంగ్లిష్‌లాగా పలుకుతున్నారు. తెలుగుతో సాయపడవచ్చా?

జవాబు: సాయమేమిటి, మనకి సగం పని అయిపోయింది. ఇంగ్లిష్ టి, డి వదిలేసి త, ద పలకమనండి. హల్లు మీద గాలి ఊదకుండా ప, క. హెచ్ పలకదు కాబట్టి నమస్కారానికి ‘ఓలా’, ఆటో యాప్ పేరు పలికినట్టే. మన బళ్లో మూలన పడి ఉన్న ఞ అక్షరానికి ఇక్కడ పని దొరుకుతుంది: పిల్లవాడు ‘నిఞో’, రేపు ‘మఞానా’. ‘పెరో’లో మామూలు ర అయితే ‘కానీ’ అని అర్థం, బండి ఱలా నాలుక ఆడించి ‘పెఱ్ఱో’ అంటే కుక్క. మేస్త్రి, అలమర, అనాస పోర్చుగీసు నుంచి వచ్చినవి. స్పానిష్‌లో వాటి తోబుట్టువులు మాయెస్త్రో, అర్మారియో, అర్జెంటీనాలో అయితే అననా.

ప్రశ్న: లెక్కల టీచర్ని. నా వంతుకి కూడా ఏదైనా ఉందా? నాలుగో తరగతి, స్థాన విలువలు నడుస్తున్నాయి.

జవాబు: ఉంది, పూర్వం పెరూని ఏలిన ఇంకాల కీపూ. స్పానిష్‌వాళ్లు రాకముందే ముడులతో లెక్కలు దాచిన తాళ్లు. హిస్పానిక్ దేశాల వారసత్వం స్పెయిన్‌తో మొదలవలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. మనలాగే పదుల లెక్క. పై తాడుకి దగ్గరగా పెద్ద స్థానం, చివర ఒకట్లు.

పిల్లకి 75 సెంటీమీటర్ల గుండ్రటి నూలు తాడు ఇవ్వండి, పరికిణీ బొందుకి వాడే మందం. స్వెట్టర్ ఊలు మెత్తన, ముడి లోపలికి మాయమవుతుంది. నలుగురికి ఒక మీటరు పురికొస పైతాడుగా కట్టి, దానికి ఎవరి తాడు వాళ్లు వేలాడదియ్యాలి. 243 చూపాలంటే పైన వందల చోట రెండు మామూలు ముడులు, కాస్త జాగా వదిలి పదుల చోట నాలుగు ముడులు, ఒకట్ల చోట మూడు చుట్లు తిప్పి బిగించిన పొడవు ముడి ఒక్కటే. ఒకట్ల స్థానంలో 1 ఉంటే చుట్టు ముడి కుదరదు కాబట్టి ఇంగ్లిష్ 8 ఆకారంలో ఉండే ముడి. సున్నాకి ఏ ముడీ లేదు, ఖాళీ. ఒకట్లకి వేరే ముడి ఎందుకో పిల్లల్నే అడగండి. అది కనపడితే అంకె అక్కడ ముగిసిందని అర్థం, అదే తాడు మీద కింద ఇంకో సంఖ్య కట్టుకోవచ్చు.

తాడు మీద స్కెచ్ పెన్నుతో స్థానాలు గుర్తు పెట్టకండి, అందరూ చేసే తప్పు అదే. ప్రతి ముడీ మూడు నాలుగు సెంటీమీటర్లు తినేస్తుంది, గుర్తులు జరిగిపోయి ఒకరి పదులు ఇంకొకరి వందల పక్కన వేలాడతాయి. గోడకి చార్టు కట్టి, పైతాడు కింద 8, 18, 28 సెంటీమీటర్ల దగ్గర అడ్డగీతలు గీసి, తాడు వాటి ముందు వేలాడుతుండగానే పైనుంచి కిందకి ముడులు వేయించండి. మొదటి రోజు 5 దాటిన అంకెలు ఇవ్వకండి, 978 ఇస్తే ముడులకే తాడంతా పోతుంది. రెండో రోజు 305 ఇచ్చి చూడండి. పదుల చోట ఖాళీ వదలకుండా ఒకట్లు పైకి జరిపేసిన తాడు ఒకటైనా వస్తుంది, దాన్ని పక్క బృందానికిచ్చి చదవమనండి: 35 అంటారు.